పిప్ లేని యంత్రంలోకి పిప్ ఎలా వస్తుంది?

గట్టుమీద_కాకి: మా ఆఫీసు సర్వర్‌కు ఇంటర్నెట్ లేదు. పైథాన్‌ను సోర్సు నుంచి కంపైల్ చేశాను. పైథాన్ నడుస్తోంది కానీ దాని ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్ రాలేదు. పిప్‌ను పెట్టే ఎన్‌ష్యూర్‌పిప్ నడిపితే, కుదించిన ఫైళ్లను విప్పే జడ్‌లిబ్ లేదంటూ ఆగిపోతోంది. పిప్ తెచ్చుకోవడానికి పిప్ కావాలంటే, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది. దారేమిటి?

పాత_కీబోర్డు: ఆ ముడి విప్పడానికే 2014లో వచ్చిన 3.4 నుంచి పైథాన్ ఒక పిప్ వీల్ ఫైలును (నేరుగా పెట్టుకునేలా ముందే కట్టిన ప్యాకేజీని) తన వెంటే మోసుకొస్తోంది. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు. అయితే వీల్ అంటే జిప్ ఫైలే కాబట్టి, విప్పడానికి జడ్‌లిబ్ ఉండాలి. మీరు కంపైల్ చేసేటప్పుడు దానికి కావాల్సిన జడ్‌లిబ్ హెడర్ ఫైళ్లు లేక పైథాన్ ఆ మాడ్యూల్‌ను వదిలేసి ముందుకు పోయింది. ఏమేమి వదిలేసిందో చివర్లో చెబుతుంది, చదివేవారెవరు? నేనూ చదవక ఒక పూట పోగొట్టుకున్నాను. డెబియన్ అయితే జడ్‌లిబ్ డెవ్ ప్యాకేజీ పెట్టి మళ్లీ కంపైల్ చేయండి.

మూడో_టీ: పిప్‌కు కూడా రిక్వెస్ట్స్, యూఆర్ఎల్‌లిబ్3 వంటి లైబ్రరీలు కావాలి. వాటిని బయట వెతక్కుండా తన వెండర్ ఫోల్డర్‌లోనే ప్రతులు పెట్టుకుంటుంది. ఒకే కోడ్ రెండు చోట్ల ఎందుకని నేనూ విసుక్కునేవాడిని. ఒకప్పుడు నేను వాడిన లినక్స్‌లో ఆ ప్రతులు తీసేసి, పిప్‌ను వ్యవస్థలోని లైబ్రరీలకు కలిపారు. ఒకరోజు రిక్వెస్ట్స్‌ను మార్చాను, పిప్ పడిపోయింది. దాన్ని బాగుచేయాల్సింది కూడా పిప్పే! అప్పటి నుంచి ఆ ఫోల్డర్‌ను ఏమీ అనను.

రాళ్లు_మోసేవాడు: సిద్ధంగా ఉన్న వీల్ కూడా వద్దు, అంతా సోర్సు నుంచే కడతామనేవారి కష్టం ఇంకో రకం. ప్యాకేజీ కట్టడానికి బిల్డ్ సాధనం కావాలి, దాన్ని కట్టడానికి మరొకటి. నేను ఫ్లిట్ కోర్ అనే బిల్డ్ సాధనంతో మొదలుపెడతాను. దానికి బయటి ఆధారాలు లేవు, తన వీల్‌ను తానే కట్టుకుంటుంది. సెటప్‌టూల్స్ అనే మరో బిల్డ్ సాధనం కూడా తన సోర్సుతోనే తనను కట్టుకోగలదు.

గట్టుమీద_కాకి: పాత_కీబోర్డు గారూ, పిప్ వచ్చింది, ధన్యవాదాలు. కానీ మా పాత లైబ్రరీ ఒకటి సెటప్‌టూల్స్ లేదంటోంది. పైథాన్ 3.12.

పాత_కీబోర్డు: 3.12 నుంచి ఎన్‌ష్యూర్‌పిప్ సెటప్‌టూల్స్‌ను తీసుకురాదు. పైథాన్‌తోనే వచ్చే పాత బిల్డ్ సాధనం డిస్ట్‌యుటిల్స్‌నూ అదే వెర్షన్‌లో తీసేశారు. పైగా సోర్సు ప్యాకేజీ కట్టేటప్పుడు పిప్ విడిగా ఒక పనిచోటు (ఎన్విరాన్‌మెంట్) సృష్టించి, దానిలోకి సెటప్‌టూల్స్‌ను దించుకోబోతుంది. మీకు నెట్ లేదు కదా. ఇదే పైథాన్, ఇదే లినక్స్ ఉన్న మరో యంత్రంలో, నెట్ ఉన్న చోట, పిప్ వీల్ ఆదేశంతో అన్నీ వీల్ ఫైళ్లుగా కట్టి ఒక ఫోల్డర్‌లో మోసుకెళ్లండి. మీ సర్వర్‌లో పిప్‌కు నో-ఇండెక్స్ (నెట్‌లో వెతకవద్దు), ఫైండ్-లింక్స్ (ఈ చోట వెతుకు) ఇచ్చి ఆ ఫోల్డర్‌ను చూపిస్తే చాలు.

గట్టుమీద_కాకి: పెన్‌డ్రైవ్ పెట్టడానికి అనుమతి అడిగాను. అదింకా రాలేదు.