కొత్త కాయిన్లకు చైనా పేర్లు ఎందుకు పెడుతున్నారు?

భీమవరం_మేతకొట్టు
అందరికీ నమస్కారమండీ. నేను రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. మా బావ నన్ను ఒక టెలిగ్రామ్ గ్రూపులో కలిపాడు, అందులో రోజూ ఏదో ఒక కొత్త క్రిప్టో కాయిన్ గురించి చెబుతుంటారు. మొన్నటిదాకా అన్నీ కుక్కల పేర్లూ కప్పల పేర్లే, ఇప్పుడు పేరు మొత్తం చైనా అక్షరాల్లోనే ఉంటోంది, నాకు ఒక్క గీత కూడా అర్థం కాదు. నిన్న వచ్చినదానికి నాలుగక్షరాలు. "బైనాన్స్ లైఫ్ అని అర్థం, కంపెనీ వాళ్లదే, పెట్టెయ్" అంటున్నాడు బావ. చిట్టీ పాడిన 40 వేలు చేతిలో ఉన్నాయి. పేర్లు ఇలా ఎందుకు మారాయి? పేరును బట్టి ఏమైనా తెలుస్తుందా?

రావులపాలెం_గెల
తమ్ముడూ, పేర్ల గాలి మారడం కొత్త కాదు. 2009లో బిట్‌కాయిన్, 2011లో లైట్‌కాయిన్, మొదట్లో చివర కాయిన్ అని ఉంటే చాలు. 2013 డిసెంబరులో డోజ్‌కాయిన్‌తో కుక్కలు వచ్చాయి. 2020లో తిండి పేర్లు: సుషీ, పాన్‌కేక్, ఆఖరికి యామ్ కూడా, అంటే మన పెండలం. పేరు ఒక్కటే మార్చి ధర లేపిన రోజులూ ఉన్నాయి, 2017 డిసెంబరులో అమెరికాలో లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ అనే కంపెనీ లాంగ్ బ్లాక్‌చెయిన్ (బ్లాక్‌చెయిన్ అంటే కాయిన్ల లావాదేవీలు రాసే ఉమ్మడి లెక్కల పుస్తకం) అని పేరు మార్చుకోగానే షేరు ఒక్క రోజులో రెండింతలు దాటింది, అమ్మేది చూస్తే అదే టీ. అదే ఏడాది చైనాలో పుట్టిన యాంట్‌షేర్స్ అనే కాయిన్ పేరు నియో అయింది. అప్పట్లో చైనా వాళ్లు కూడా బయటివాళ్లకు నోరు తిరిగే పేరు పెట్టుకునేవారు, ఇప్పుడు అది తిరగబడింది. 2025 అక్టోబరులో మీ బావ చెప్పిన ఆ మీమ్ కాయిన్ (సరదా మాటో బొమ్మో పట్టుకుని పుట్టించేది) బైనాన్స్‌తో ముడిపడిన బీఎన్‌బీ చెయిన్ అనే బ్లాక్‌చెయిన్ మీద లేచి, కొద్ది రోజుల్లోనే మార్కెట్ విలువ వందల మిలియన్ డాలర్లకు వెళ్లింది. ఇక వరస కట్టారు. ఒక్కటి కాస్తే ఊరంతా అదే పిలక నాటినట్టు.

కాకినాడ_ఎగుమతి
రొయ్యల ఎగుమతిలో చైనా కొనుగోలుదార్లతో మాట్లాడీ మాట్లాడీ కొంత భాష పట్టుబడింది, అందుకని చెబుతున్నాను. బీ అంటే నాణెం, ఆన్ అంటే క్షేమం, రెండూ కలిపితే బైనాన్స్‌కు, అంటే కాయిన్లు కొని అమ్మే ఆ పెద్ద ఎక్స్చేంజి కంపెనీకి, చైనా పేరు. రెన్‌షెంగ్ అంటే బతుకు. పేరులో కంపెనీ ఉన్నంత మాత్రాన అది కంపెనీ కాయిన్ కాదండీ, మీ బావగారు అక్కడే పొరబడ్డారు. ఇంకో కాయిన్ పేరు షియూషియెన్, అంటే సాధన చేసి అమరుడు కావడం. అక్కడి వెబ్ నవలలు చదివే కుర్రాళ్లకు ఆ మాట వినగానే ఒళ్లు పులకరిస్తుంది, మనకేమో గీతలు కనిపిస్తాయి. చైనా ప్రభుత్వం 2021 సెప్టెంబరులోనే క్రిప్టో లావాదేవీలన్నీ చట్టవిరుద్ధమని ప్రకటించినా, ఆ భాష మాట్లాడే ట్రేడర్లు ప్రపంచమంతా ఉన్నారు, ఈ పేర్లు వాళ్ల కోసం. ఒక్క జాగ్రత్త: నాణెం అనే ఆ మాటనే మెయిన్‌లాండ్‌లో ఒకలా, తైవాన్‌లో ఇంకోలా రాస్తారు. ఆ రెండో అక్షరంతో నకిలీ కాయిన్ చేస్తే మీరు పట్టుకోగలరా?

మార్టేరు_రైతుబిడ్డ
నేను పోగొట్టుకున్నాను కాబట్టి రాస్తున్నా. పోయిన ఏడాది బాగా నడుస్తున్న ఒక కాయిన్ అనుకుని, అదే పేరు, అదే బొమ్మ చూసి 22 వేలు పెట్టాను. అమ్మబోతే అమ్మకం పడలేదు, అది వేరే కాయిన్. రాత్రి రెండింటిదాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నా, ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు.

కాయిన్‌కు ఏ పేరైనా ఎవరైనా పెట్టుకోవచ్చు, ఒకే పేరుతో వంద ఉండొచ్చు. ఒకదానిది ఇంకోదానికి ఉండనిది కాంట్రాక్ట్ అడ్రసు ఒక్కటే, అంటే ఆ చెయిన్ మీద కాయిన్‌కు ఉండే గుర్తింపు నంబరు, 0ఎక్స్‌తో మొదలయ్యే 42 అక్షరాలు. మన విత్తనాల సంగతే చూడు. వరిలో 1010ని కాటన్‌దొర సన్నాలు అంటారు, 7029ని స్వర్ణ అంటారు, కానీ మా నాన్న కొట్లో పేరు అడగడు, సంచికి కుట్టిన ట్యాగు తిప్పి నంబరూ లాట్ నంబరూ చదివాకే డబ్బు తీస్తాడు. నేను మాత్రం ట్యాగు చూడలేదు. ఇంకోటి, బీఎన్‌బీ చెయిన్ మీద ఎవరైనా మీమ్ కాయిన్ పుట్టించుకునే ఫోర్ డాట్ మీమ్ అనే సైటులో పుట్టినవాటికి అడ్రసు చివర సాధారణంగా 4444 ఉంటుంది, కాబట్టి చివరి అంకెలు కలిశాయని ఊరుకోకు, మధ్యలోవి కూడా చూడు. ఒకవేళ లాభం వచ్చినా 30 శాతం పన్ను, ఒకదానిలో పోయింది ఇంకోదానిలో వచ్చినదానికి తగ్గించుకోనివ్వరు.

భీమవరం_మేతకొట్టు
థాంక్సండీ, ఇప్పుడే కూర్చుని చూశాను. గ్రూపులో పెట్టిన అడ్రసు ఒక కాగితం మీద, అసలుది దాని కింద రాసి పెన్నుతో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ వచ్చా. రెండిటికీ చివర 4444 ఉంది. ఆరో అక్షరం దగ్గరే తేడా వచ్చింది. కాగితం ఫోటో తీసి బావకు పంపాను, చూసినట్టు టిక్కులు పడ్డాయి, ఇంకా ఏమీ రాయలేదు.