అమ్మానాన్నలతో అమ్రాబాద్ అడవికి: జూలైలో వెళ్లొచ్చా?

సుధ_కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే. హైదరాబాద్ నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాప మూడో తరగతి. జూలైలో అడవి పచ్చగా ఉంటుందని ఆలోచన. ఫర్హాబాద్ సఫారీ, మల్లెలతీర్థం జలపాతం, లోయలోని సలేశ్వరం గుడి ఒకే ట్రిప్‌లో అవుతాయా? అన్నీ చూసుకుని రాత్రికి శ్రీశైలం వెళ్లిపోవచ్చా? పులి కనబడుతుందా అని పాప ఒకటే గొడవ.

ఘాట్‌రోడ్డు:
రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర బండ్లు వదలరు. ఆ టైమ్ చూసుకోండి.

అచ్చంపేట_వాసి:
సుధ గారూ, జూలై వద్దండి. జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా సఫారీ ఉండదు. అమ్మగారికైతే డిసెంబరు, జనవరి హాయి. జంతువులే ముఖ్యమనుకుంటే మార్చి తర్వాత. ఎండ మండుతుంది కానీ, ఆకు రాలి అడవి లోపలికంటా కనబడుతుంది. అటవీశాఖ వాళ్లు నీళ్లు పోసే సాసర్ల (నేలలో కట్టిన పల్లపు తొట్ల) దగ్గరికి దుప్పులు, కణుజులు (సాంబార్ జింకలు) వస్తాయి.

సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి జాతరప్పుడే వదులుతారు. రాళ్ల మీద లోయలోకి దిగాలి, అమ్మగారి వల్ల కాదు. మల్లెలతీర్థానికీ వందల మెట్లు. ఫర్హాబాద్ అయితే వ్యూపాయింట్ దాకా బండిలోనే వెళ్తారు.

ఇది 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. పులి కనబడటం అరుదని పాపకు ఇప్పుడే చెప్పండి. కొండముచ్చులను చూడమనండి. అవి కొమ్మల మీద మేస్తుంటే, రాలే ఆకూ కాయా కోసం కింద దుప్పులు చేరతాయి. చిరుత కదిలితే పైనున్న కొండముచ్చు గట్టిగా అరుస్తుంది, దుప్పులు తోకలు ఎత్తి నిలబడిపోతాయి. అప్పుడు కొండముచ్చును కాదు, అది ఎటు చూస్తోందో అటు చూడాలి. పుట్టల పక్కన ఎలుగుబంటి తవ్విన గుంటలు ఎలా గుర్తుపట్టాలో అక్కడి చెంచు గైడ్లను అడగండి, చక్కగా చూపిస్తారు.

ఇంకొక్క మాట, బతిమాలి చెబుతున్నా. దారిలో కోతులకు ఏమీ వేయకండి. పుణ్యమని కారు అద్దం దించి అరటిపళ్లు, బిస్కెట్లు విసురుతారు. దాంతో అవి అడవిలో మేత మానేసి రోడ్డు మీదే కాచుకుంటాయి. పొట్టకు పిల్ల కరుచుకుని ఉన్న తల్లి పండు కోసం రోడ్డుకు అడ్డంగా ఉరుకుతుంది, వెనక వచ్చే బండి ఆగదు. ఈ దారిలో తిరిగేవాళ్లం అలాంటివి ఎన్నో చూశాం. అది పుణ్యం ఎలా అవుతుందండీ?

సుధ_కూకట్‌పల్లి:
చాలా థ్యాంక్సండీ. అయితే డిసెంబరే ఖాయం. శ్రీశైలం దారంటే నాన్న డజను అరటిపళ్లు కొని పెట్టుకుంటారు, ఆయనకు మీరు రాసింది చదివి వినిపించాను. బస సంగతి?

అచ్చంపేట_వాసి:
మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి. శని, ఆదివారాలకు దొరకడం కష్టం, వారం మధ్యలో రండి. పొద్దున్నే మొదటి సఫారీ అడగండి. చలి ఉంటుంది, అమ్మగారికి శాలువా మరవొద్దు.