మట్టితోని కట్టిన రాతి గోడకు పానల బోర్డు నిలుస్తలేదు

మాది నల్గొండ దగ్గర ఊరు. ఇంటెనక రేకుల షెడ్డుల నా స్ప్లెండర్ పని, బోరు మోటరు పని నేనే చేసుకుంట. జాగ 8 బై 10 అడుగులే, బండి పెడితే నిలబడేతందుకు కూడ కష్టమే, అందుకే సామాన్లన్నీ గోడకు తగిలిద్దామని 4 బై 3 అడుగుల 12 ఎంఎం ప్లైవుడ్ బోర్డు చేసిన. 6 నుంచి 32 ఎంఎం సైజు దాకా పానలు, పైపు పాన, రెండు సుత్తెలు, పట్కార్లు, బోర్డుతో కలిపి 20 కిలోలు దాటుతది. గోడేమో పాతది, రాళ్ల నడుమ మట్టి, పైన సిమెంటు పూత అంతే.

మొదలు 8 ఎంఎం బొక్కలు కొట్టి ప్లాస్టిక్ గిట్టీలు (స్క్రూ పట్టేతందుకు బొక్కల దూర్చేటివి), 2 ఇంచుల స్క్రూలు పెట్టిన, పది రోజులకే పైన రెండు స్క్రూలు గిట్టీలతో సహా ఊడొచ్చినయ్. మళ్ల బొక్కల్ల వైట్ సిమెంట్ నింపి 10 ఎంఎం గిట్టీలు, 3 ఇంచుల స్క్రూలు బిగించి ఒక రోజంత ఆరనిచ్చిన, మూడు వారాలు ఆగింది గని మొన్న వానలకు గోడ నానినంక మొత్తం బోర్డే వచ్చి బండి ట్యాంకు మీద పడ్డది, ఆ సొట్ట చూస్తే ఇప్పటికీ కడుపు మండుతది. ఆఖరికి యాంకర్ బోల్టు (బిగిస్తుంటే బొక్కల ఉబ్బి పట్టుకునేది) కూడ చూసిన, రాయి తగిలిన కాడ హ్యామర్ మోడ్‌ల పెట్టినా నా చిన్న డ్రిల్లు దిగుతలేదు, మట్టి ఉన్న కాడ బోల్టు ఉత్తగ తిరుగుతుంది తప్ప బిగుస్తలేదు.

ఇసొంటి గోడకు ఇంత బరువు ఊడకుంట ఆపినోళ్లు ఎవరన్న ఉంటే, దేనితోని ఎట్ల బిగించిన్రో జర చెప్తరా?