నడుముకు రివాల్వర్ ఉన్న రోజు గుడికి పోవాల్సి వస్తే ఏం చేస్తారు?

ఏనుమాముల అడ్తి:
అన్నలకు నమస్తే. ఏనుమాముల మార్కెట్‌లో మాది పత్తి, మిర్చి అడ్తి దుకాణం. సీజన్‌లో రైతులకు నగదు ఇవ్వాలి కాబట్టి బ్యాంకుకూ దుకాణానికీ మధ్య తిరగడం తప్పదు. నిరుడు ఒక రాత్రి ఇద్దరు బండి మీద మా నాన్నను ఇంటి మలుపు దాకా వెంబడించారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. లైసెన్స్‌కు పెట్టుకుంటే విచారణ, ట్రైనింగ్ అన్నీ అయ్యి రెండు నెలల కింద నా పేరు మీద వచ్చింది. కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్ తీసుకున్నాను.

కాల్చడం నేర్పారు గానీ రోజంతా దాన్ని పెట్టుకుని ఎలా తిరగాలో ఎవరూ చెప్పలేదు. మొన్న మంగళవారం మార్కెట్ నుంచి నేరుగా భద్రకాళి గుడికి పోయాను. లోపలికి తీసుకుపోలేను కదా అని కారు సీటు కింద పెట్టి తాళం వేశాను. లైన్లో నిలబడ్డంత సేపూ నా మనసు కారు దగ్గరే ఉంది. సగంలోనే వెనక్కి వచ్చేశాను. తర్వాత మేనత్త కొడుకు పెళ్లిలో పెద్దనాన్న కాళ్లు మొక్కుదామని వంగితే చొక్కా పైకి లేచింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. పిల్లలు చూపించమని వెంటపడ్డారు. మా మామ ఒకాయనైతే బరాత్‌లో ఒక రౌండ్ గాల్లోకి పేల్చమన్నాడు. నేను పేల్చలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏళ్లుగా పెట్టుకుంటున్నవాళ్లు మీ అలవాట్లు చెప్పండి.

రిటైర్డ్ హవల్దార్, హన్మకొండ:
తమ్మీ, ముందు గుడి సంగతి చెప్తాను. హత్యార్‌కు, అంటే ఆయుధానికి, రెండే చోట్లు. ఒకటి నీ ఒంటి మీద, రెండోది తాళంలో. కారు సీటు కింద, డాష్‌బోర్డు, దుకాణం గల్లా, పరుపు కింద, ఇవేవీ లెక్కలోకి రావు. కారు అద్దం పగలగొట్టడానికి దొంగకు ఎంత సేపు పడుతుంది? రివాల్వర్ ఉందని వాడికి తెలియనక్కర్లేదు, బ్యాగు కోసం వచ్చినా అదే దొరుకుతుంది. గుడికో, దవాఖానకో, పెళ్లికో పోవాలనుకున్న రోజు పొద్దున్నే నిర్ణయించుకుని ఇంట్లో పెట్టి పో. మధ్యలో అనుకున్నా సరే, ముందు ఇంటికి పోయి లోపల పెట్టి రా. పావుగంట ఆలస్యమైతే అమ్మవారు ఏమీ అనుకోదు.

ఆర్మీలో కోత్ (ఆయుధాల గది) నుంచి ఆయుధం తీసుకున్నప్పుడూ తిరిగి జమ చేసేటప్పుడూ జాంచ్ శస్త్ర్, అంటే అది ఖాళీగా ఉందో లేదో చూసే తనిఖీ, ఉంటుంది. పదిహేడేళ్లు చేశాను, ఇప్పటికీ ఇంట్లో చేస్తాను. సాయంత్రం రాగానే ఫోన్ అవతల పెట్టు, టీవీ ఆపు, ఎవరూ లేని గదిలో గోడ వైపు తిరుగు. వేలు ట్రిగ్గర్ గార్డు బయట, సాపుగా ఉండాలి. నీ రివాల్వర్ మధ్యకు వంచి తెరిస్తే తూటాలు పైకి లేస్తాయి. అరచేతిలోకి వంపుకుని పైకే లెక్కపెట్టు, ఒకటి నుంచి ఆరు దాకా. తర్వాత తూటాలు పట్టే ఆరు గదుల్లోనూ చిటికెన వేలి కొస పెట్టి తడుము. కంటికి అలసట ఉంటుంది, వేలికి ఉండదు. మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్లీ మొదటి నుంచి చెయ్యి. నాకు తెలిసినాయన ఒకరు ఫోన్ మాట్లాడుకుంటూ ఐదు తీసి ఆరు అనుకున్నాడు. ఆ ఇంటి గోడకు ఇప్పటికీ చిల్లు ఉంది. అటు పక్క గదిలో ఆ సమయానికి ఎవరూ లేకపోవడం వాళ్ల అదృష్టం.

బయట టాయిలెట్‌కు పోతే కొక్కేనికి తగిలించకు, నీళ్ల ట్యాంకు మీద పెట్టకు. హోల్‌స్టర్‌లోంచి తీయనే తీయకు. బెల్టు వదులు చేసినా అది రెండు మోకాళ్ల మధ్య నీ కళ్ల ముందే ఉండాలి. కాజీపేట స్టేషన్‌లో రైలు వచ్చిందని పరుగెత్తేవాడికి కొక్కెం గుర్తుండదు.

పెళ్లిలో బయటపడ్డదని బాధపడ్డావు, అది మంచిదే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయటికి తీసుకుపోయినప్పుడు హోల్‌స్టర్‌లో పూర్తిగా కప్పి ఉండాలి. చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించుకో. అద్దం ముందు వంగి, చేతులెత్తి, కింద కూర్చుని చూసుకో. బరాత్‌లో పేల్చమన్న మీ మామకు చెప్పు, ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత సంబరాల కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. గాల్లోకి పోయిన తూటా ఎక్కడో ఒక చోట దిగాల్సిందే.

ఇక అసలు మాట. అది నడుముకు ఉన్న రోజు నీకు కోపం వచ్చే హక్కు లేదు. పార్కింగ్ దగ్గర ఎవడైనా తిడితే దండం పెట్టి కదిలిపో. మందు ముట్టుకుంటే ఆ రోజు అది తాళంలోనే. నగదు రోజూ ఒకే టైముకు, ఒకే దారిలో తీసుకుపోకు. కారెక్కగానే డోర్లు లాక్ చేసుకుని బయల్దేరు, కూర్చుని ఫోన్ చూడకు. బండి వెంటపడుతోందని అనుమానం వస్తే ఇంటి వైపు మలపకు. దారిలో ఉన్న పోలీస్ స్టేషన్ ముందు ఆపి 100కు ఫోన్ చెయ్యి. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఒకసారి చదువు. అవసరానికి మించి హాని చేసే హక్కు లేదని అందులోనే ఉంది.

బంక్ అన్న, కరీంనగర్ రోడ్డు:
హవల్దార్ గారు అన్నీ చెప్పారు. నాదొక చిన్న మాట. లైసెన్స్ మీద ఏరియా ఏం రాసి ఉందో చూసుకో. పత్తి కోసం కాళేశ్వరం మీదుగా సిరోంచ పోతుంటారు కదా, వంతెన దాటితే మహారాష్ట్ర. తెలంగాణ వరకే ఉంటే అక్కడికి తీసుకుపోవద్దు. ఎన్నికలప్పుడు జమ చేయమని ఆర్డర్ వస్తే మొదటి రోజే ఇచ్చి రసీదు తీసుకో.

మడికొండ ఆడబిడ్డ:
మా బాపుకు ముప్పై ఏళ్లు లైసెన్స్ ఉండేది. రివాల్వర్ ఒక బీరువాలో, తూటాలు వేరే పెట్టెలో, తాళం చెవి ఆయన మొలతాడుకు. అయినా ఎనిమిదేళ్ల వయసులో అది ఎక్కడుందో నాకు తెలుసు. ఆయన స్నానానికి పోతే మొలతాడు చెవి ఎక్కడ పెడతాడో కూడా తెలుసు. తమ్ముడూ, దాచిపెట్టాను కాబట్టి పిల్లలకు తెలియదు అనుకోకు. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు. కనబడితే ముట్టుకోవద్దు, అక్కడి నుంచి జరిగి పెద్దవాళ్లను పిలవాలి అని. ఒకసారి చెప్తే చాలదు.

ఏనుమాముల అడ్తి:
అక్కా, నా కూతురికి ఆరేళ్లు. మీరు రాసింది చదివి నిన్న రాత్రే అడిగాను. "నాన్నా, నీ నల్ల సంచి అల్మారా పైన చీరల వెనుక ఉంటుంది" అంది. నా చేతులు వణికాయి. ఈరోజు మధ్యాహ్నం దుకాణం మూసి చిన్న లాకర్ తెచ్చి గోడకు బోల్టులు వేయించాను. తూటాలకు వేరే తాళం పెట్టాను. హవల్దార్ సాబ్, మీరు చెప్పినట్టే గోడ వైపు తిరిగి లెక్కపెట్టాను. మొదటిసారి నాలుగు దగ్గర మా ఆవిడ పిలిచింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. వచ్చే మంగళవారం అది ఇంట్లోనే ఉంటుంది, గుడికి ముగ్గురం పోతున్నాం.