నల్లా వదలగానే డ్రైనేజీ వాసన, తర్వాత తేట. తప్పు సంపుదా, పైపుదా?

బోడుప్పల్_12ఫ్లాట్లు: మాది చిన్న అపార్ట్‌మెంట్. సంపు 10 వేల లీటర్లు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, చాలనప్పుడు అదే సంపులోకి బోరు వదులుతాం. వానలు మొదలయ్యాక నల్లా వచ్చిన కొత్తలో నీళ్లు మురికిగా, వాసనతో పడుతున్నాయి, కాసేపటికి తేటబడుతున్నాయి. టీడీఎస్ తక్కువే ఉంది కదా, ఏం కాదంటున్నారు కొందరు. సంపు కడిగించి బ్లీచింగ్ వేస్తే సరిపోతుందా? ఎంత వేయాలి?

పైపులపని: టీడీఎస్ మీటరుకు కరిగిన లవణాలే కనబడతాయండీ, క్రిములు కనబడవు. మురుగు కలిసిన నీళ్లకూ తక్కువ అంకె రావచ్చు. ముందు తాగే నీళ్లు మరిగించండి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు.

మొదట మురికి, తర్వాత తేట అంటే అనుమానం మీ సర్వీస్ పైపు (రోడ్డు లైన్ నుంచి మీ ఇంటికొచ్చేది) మీదే. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది. ఎక్కడైనా పగులుండి, చుట్టూ మురుగు నిలిచుంటే అది లోపలికి లాగుతుంది. నల్లా వదలగానే ముందు అదే వస్తుంది. లైన్‌కు నేరుగా మోటారు బిగించేవాళ్లుంటే ఈ లాగుడు ఇంకా ఎక్కువ. సంపులో పడకముందే గాజు సీసాలో పట్టి చూడండి, అక్కడే వాసనుంటే సంపు ఎన్నిసార్లు కడిగినా దండగ. రోడ్డు మీది మ్యాన్‌హోల్ పక్కగానో, లోపలగానో పైపు పోతుందేమో చూసుకుని, జలమండలి 155313కి ఫిర్యాదు ఇవ్వండి. బాగయ్యేదాకా మొదటి నీళ్లు సంపులోకి పోనీయకుండా, ముందు ఒక వాల్వు పెట్టి బయటికి వదిలేయండి.

సంపునీ వదలొద్దు. రాత్రి సగం నీళ్లుంచి, ఇన్‌లెట్, మోటారు రెండూ ఆపి, గోడ మీద సుద్దతో గీత పెట్టండి. తెల్లారేసరికి నీళ్లు గీత దాటితే బయటి నీళ్లు ఊరుతున్నట్టే.

ల్యాబ్_పని: మోతాదు లెక్క ఇది. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ అయితే, 10 వేల లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున సుమారు 67 గ్రాముల పౌడర్. బకెట్ నీళ్లలో కలిపి పావుగంట తేరనిచ్చి, పై తేట మాత్రమే సంపులో పోయండి, అడుగు సున్నం వద్దు. అరగంటాగి చివరి ఫ్లాట్ నల్లా దగ్గర క్లోరిన్ కిట్‌తో చూడండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వేసినా సున్నా చూపిస్తే ముఖ్యంగా రెండు కారణాలు: పౌడర్ సత్తువ పోయింది (తెరిచిన సంచి త్వరగా పోతుంది), లేదా మురుగు క్లోరిన్‌ను తినేస్తోంది. రెండోదైతే పౌడర్ పెంచడం కాదు, పైపు పట్టుకోవాలి.

బోడుప్పల్_12ఫ్లాట్లు: థ్యాంక్సండీ. రేపు వాచ్‌మన్‌ను సంపులోకి దింపుదామనుకుంటున్నాం. దీపం దించి, ఆరకపోతే సేఫే కదా?

మోటారు_వైండింగ్: కాదన్నా. దీపం వెలుగుతుంటే సేఫ్ అనుకోవద్దు. విషవాయువులున్నా అది వెలుగుతూనే ఉండొచ్చు. మూసి ఉంచిన సంపులో అడుగు బురద కుళ్లి ఆక్సిజన్ తగ్గుతుంది. ఒకరు పడితే కాపాడబోయి దిగిన ఇంకొకరి ప్రాణం కూడా పోతుంది. పని మొత్తం పైనుంచే కానివ్వండి: పొడుగు కర్రకు బ్రష్, బురదకు సబ్‌మర్సిబుల్ పంపు. పంపు లైన్‌కు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. తప్పదంటే గాలి పరీక్ష చేసే మీటరు, బ్లోయర్, తాడు ఉన్న క్లీనింగ్ వాళ్లనే పిలవండి, అప్పుడు మెయిన్ దగ్గర కరెంట్ ఆపాలి, ఒక్క స్టార్టర్ ఆపితే చాలదు. డీజిల్ పంపు లోపల నడపొద్దు. బ్లీచింగ్‌తో పాటు బాత్‌రూమ్ యాసిడ్ వాడితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ల్యాబ్_పని: ఇంకొకటి. బోరు కలుపుతున్నారు కాబట్టి నైట్రేట్, ఫ్లోరైడ్ కూడా చేయించండి. లీటరుకు నైట్రేట్ 45, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. మరిగిస్తే ఇవి పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి, వీటికి ఆర్వో పనికొస్తుంది. క్రిముల పరీక్షకు నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. శాంపిల్ మీ వాటర్ బాటిల్లో కాదు, ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసాలోనే పట్టాలి, ఐస్ డబ్బాలో పెట్టి ఆరు గంటల్లోగా అందించాలి. సంపు నుంచి ఒకటి, నల్లా మొదటి నీళ్ల నుంచి ఒకటి, రెండూ విడిగా ఇవ్వండి.