వీడియోలు ప్రతిసారీ మనం కోరిన క్వాలిటీలోనే మొదలయ్యేలా పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. నేను ప్రోగ్రామింగ్ పాఠాలు ఎక్కువగా ఆన్‌లైన్ వీడియోల్లోనే చూస్తాను. 360పిలో కోడ్ చూస్తే కామాకూ సెమికోలన్‌కూ తేడా తెలియదు కనుక, కంప్యూటర్‌లో గేర్ గుర్తు నొక్కి 1080పి ఎంచుకుంటాను. బ్రౌజర్ మూసి మళ్లీ తెరిస్తే అది ఆటోకి వెళ్లిపోతుంది. ఫోన్‌లో నా అవసరం ఇందుకు విరుద్ధం: మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు 480పి దాటకపోతే చాలు. ఒకసారి పెట్టి మరిచిపోయే వీలు ఎక్కడైనా ఉందా?

జవాబు 1:
ముందు ఫోన్ సంగతి. యూట్యూబ్ యాప్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీకి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. అందులో మొబైల్ నెట్‌వర్క్‌కు ఒకటి, వైఫైకి ఒకటి విడివిడిగా ఎంచుకోవచ్చు. అయితే అక్కడ కనిపించేవి ఆటో, హయ్యర్ పిక్చర్ క్వాలిటీ, డేటా సేవర్ అనేవే తప్ప 480 అన్న అంకె కాదు. అంకె కావాలంటే వీడియో నడుస్తున్నప్పుడు అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లాలి, అది ఆ ఒక్క వీడియోకే వర్తిస్తుంది. మీకు డేటా సేవర్ సరిపోతుందనుకుంటున్నాను.

నెట్‌ఫ్లిక్స్‌లో పద్ధతి వేరు. అక్కడ అమరిక ఒక్కో ప్రొఫైల్‌కు విడిగా ఉంటుంది. తక్కువ అంటే గంటకు సుమారు 0.3 జీబీ, మధ్యస్థం అంటే 0.7 జీబీ, ఎక్కువ అంటే హెచ్‌డీకి 3 జీబీ, 4కేకి 7 జీబీ వరకు ఖర్చవుతుందని వారే చెబుతారు. ఫోన్ యాప్‌లోని మొబైల్ డేటా వాడకాన్ని మాత్రం యాప్ సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలి.

జవాబు 2:
కంప్యూటర్‌లో ఎంపిక నిలవకపోవడానికి కారణం చాలావరకు బ్రౌజర్‌లోనే ఉంటుంది. మీరు ఎంచుకున్న క్వాలిటీని చాలా సైట్లు మీ ఖాతాలో కాకుండా బ్రౌజర్ దాచుకునే సైట్ డేటాలో రాసి పెడతాయి. బ్రౌజర్ మూసినప్పుడు ఆ డేటా చెరిగిపోయేలా అమర్చి ఉన్నా, ఇన్‌కాగ్నిటో విండోలో చూస్తున్నా ఆ ఎంపిక కూడా దానితోపాటే పోతుంది. కాబట్టి ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క సైట్‌కు మినహాయింపు ఇచ్చి చూడండి. అప్పటికీ నిలవకపోతే క్వాలిటీని స్థిరంగా ఉంచే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. కానీ అవి ఆ సైట్‌లో మీరు తెరిచే పేజీలన్నీ చదివే అనుమతి అడుగుతాయి కనుక, ఇంత చిన్న పనికి నేనైతే వాటిని పెట్టుకోను.

జవాబు 3:
పై రెండు జవాబులూ సరైనవే. అయితే ఆటోను పూర్తిగా తీసేసే ముందు అది చేసే పని తెలుసుకోవడం మంచిది. నెట్‌లో వీడియో పంపే పద్ధతుల్లో ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అయినా, 2012లో ప్రమాణంగా వచ్చిన డాష్ అయినా వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను పలు క్వాలిటీల్లో సిద్ధంగా ఉంచుతాయి. ముక్క ఎంత వేగంగా దిగుతోందో, ముందస్తుగా ఎంత నిల్వ ఉందో చూసుకుంటూ ప్లేయర్ తరువాతి ముక్కను ఏ క్వాలిటీలో అడగాలో నిర్ణయిస్తుంది. విండో చిన్నదైతే తక్కువ క్వాలిటీతో సరిపెట్టే ప్లేయర్లూ ఉన్నాయి. మీరు 1080పికి కట్టివేస్తే, నెట్ నెమ్మదించినప్పుడు బొమ్మ మసకబారే బదులు ఆగిపోయి చక్రం తిరుగుతుంది. 1080పికి 5 ఎంబీపీఎస్ లేదా అంతకు మించిన వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది.

యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే (పేరు చూసి వెనుకాడకండి) ఆ క్షణంలో నిజంగా నడుస్తున్న రిజల్యూషన్, కనెక్షన్ వేగం, బఫర్‌లో (ముందస్తు నిల్వలో) ఎన్ని సెకన్లు మిగిలాయో కనిపిస్తాయి. అసలు అప్‌లోడ్ చేసిందే 720పిలో అయితే ఏ అమరికా దాన్ని 1080పి చేయలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. బ్రౌజర్ మూసినప్పుడు సైట్ డేటా చెరిపే ఆప్షన్ ఆన్‌లోనే ఉంది. ఆ సైట్‌కు మినహాయింపు ఇచ్చాక 1080పి నిలుస్తోంది. ఫోన్‌లో డేటా సేవర్ పెట్టాను. కోడ్ ఉన్న పాఠాలను మాత్రం వైఫై ఉన్నప్పుడే చూస్తాను.