ప్యాషన్ ఏంటో తెలియకపోతే ఉద్యోగం మానేసి వెతుక్కోవచ్చా?

ప్రశ్న

వయసు 27, ఉద్యోగంలో చేరి ఐదేళ్లయింది. పని బాగా చేస్తానంటారు, జీతం టైమ్‌కి వస్తుంది, గొడవల్లేవు. కానీ 2005లో స్టాన్‌ఫర్డ్ స్నాతకోత్సవంలో స్టీవ్ జాబ్స్ చేసిన ప్రసంగం కాలేజీ రోజుల్లో విన్నప్పటి నుంచీ, నచ్చిన పని దొరికేదాకా వెతకాలి, రాజీపడకూడదు అన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. గిటార్ కొన్నాను, మూడు నెలలు. కోడింగ్ కోర్సులో చేరాను, సగంలో వదిలేశాను. కథ మొదలుపెడితే పదో పేజీ దాటలేదు. మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది, కాస్త కష్టం రాగానే ఇది కూడా నాది కాదేమో అనిపిస్తుంది. రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఉద్యోగం మానేసి ఒక ఏడాది పూర్తిగా వెతకడానికే పెట్టుకుందామనుకుంటున్నాను. మీలో ఎవరైనా ఇలా చేశారా?

జవాబు 1

చేయబోయి ఆగానండీ. అకౌంట్స్‌లో 19 ఏళ్లుగా ఉన్నాను. పెద్దయ్యాక ఖాతాలు రాయాలని చిన్నప్పుడు ఎవరూ కలలు కనరు, నేనూ కనలేదు, ఇంట్లో అవసరం కొద్దీ చేరాను. మొదటి రెండేళ్లు నరకం. ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాల్లోని డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టిక, కలిసేది కాదు, రాత్రి ఎనిమిదైనా వోచర్లు తిరగేస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు పక్క సీటు పెద్దాయన వచ్చి "తేడా ఎంతమ్మా" అన్నారు. 900 అన్నాను. "తొమ్మిదితో భాగం పోతోంది కదా, ఎక్కడో అంకెలు తారుమారు చేసుంటావు చూడు" అని చెప్పి వెళ్లిపోయారు. పది నిమిషాల్లో దొరికింది, 5,480 వేయాల్సిన చోట 4,580 వేశాను. మర్నాడు ఎందుకో కాస్త ముందే ఆఫీసుకు వెళ్లాను. ఇప్పుడు లెడ్జర్ చూస్తే తప్పు ఎటువైపు ఉండొచ్చో మనసుకు తట్టేస్తుంది, వేరే పని ఇస్తామన్నా వెళ్లను. నాకు పని చేతికొచ్చాకే దాని మీద ఇష్టం కలిగింది. గిటార్ మీది కాదని మూడు నెలలకే ఎలా తేల్చేశారు?

జవాబు 2

నేను చేశాను. ఫోటోగ్రఫీ అంటే పిచ్చి ఉండేది, తెల్లవారుజామున పాత గోడ మీద ఎండ వాలే ఆ కాసేపటి కోసం గంటసేపు నిలబడేవాణ్ణి. ఉద్యోగం మానేసి అదే వృత్తి చేసుకున్నాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, ముఖం కాస్త సన్నగా చేయమనే ఫోన్లు, మిగతా డబ్బు రేపిస్తామంటూ తిప్పుకునేవాళ్లు. రెండేళ్లకి ఫోల్డర్లు సర్దుతుంటే తెలిసింది, ఆ రెండేళ్లలో నా కోసం తీసుకున్న ఫోటో ఒక్కటి లేదు. చాలా ఏడ్చాను.

తర్వాత 1973లో అమెరికాలో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చదివాను. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారట. కొన్నాళ్లకు అవే స్కెచ్ పెన్నులు ఊరికే ముందు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువసేపు గీశారు. అందరికీ ఇలాగే అవుతుందని అనను. నేను మాత్రం మళ్లీ ఉద్యోగంలో చేరాను, కెమెరా ఆదివారాలు బయటికి తీస్తున్నాను.

జవాబు 3

పై ఇద్దరితో సగమే ఒప్పుకుంటాను. నచ్చని చోట మగ్గిపోతున్నవాళ్లకి ఉన్నదాన్నే ఇష్టపడు అని చెప్పడం అన్యాయం. నేర్చుకోవడానికి ఏమీ మిగలని చోట, ఎంత చేసినా మర్యాద ఇవ్వని చోట ఇష్టం పుట్టదు. నేను అలాంటి చోటు నుంచే బయటపడ్డాను, కాకపోతే రెండేళ్లు రాత్రిళ్లు నేర్చుకుని, కొత్త పని చేతిలోకి వచ్చాకే పాతది వదిలాను.

మీ ప్రశ్నలో "కష్టం రాగానే నాది కాదేమో" అన్న దగ్గర ఆగిపోయాను. 2018లో మనస్తత్వ శాస్త్రవేత్త కెరల్ డ్వెక్, మరికొందరు కలిసి సరిగ్గా దీని మీదే పరిశోధన ప్రచురించారు. బ్లాక్ హోల్స్ గురించి ఆసక్తి పుట్టించే వీడియో చూపించి, ఆ తర్వాత అదే విషయం మీద కష్టమైన వ్యాసం చదివించారు. ఇష్టం ముందే మనలో ఉంటుంది, కనిపెట్టడమే తరువాయి అని నమ్మేవాళ్ల ఆసక్తి బాగా పడిపోయింది. ఇష్టం పెంచుకునేదని నమ్మేవాళ్లది అంతగా పడలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరివీ రెండుసార్లు చదివాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పించేటప్పుడు నాకు టైమ్ తెలియదు, మొన్న భోజనం కూడా మర్చిపోయాను. అది ఉద్యోగంలో భాగమే కదా అని ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. రాజీనామా ప్రస్తుతానికి ఆపుతున్నాను. మేడమ్, ఆ తొమ్మిది లెక్క ఎలా పనిచేస్తుందో చెప్తారా? పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

జవాబు 1

54 అంటే ఐదు పదులు, నాలుగు ఒకట్లు. తిరగేసి 45 వేస్తే ఒక పది తగ్గి ఒకటి పెరుగుతుంది, అంటే తేడా 9. పక్కపక్కన ఉన్న ఏ రెండు అంకెలు తారుమారైనా తేడా తొమ్మిదితో భాగం పోతుంది. 900 వచ్చిందంటే తప్పు వందలు, వేల స్థానాల్లో చూసుకోవాలి. 63 వస్తే ఎలాంటి జత అంకెల కోసం వెతకాలో మీరే చేసి చూడండి.